తోమా అక్వినాస్ : ఆక్షేపణను ముందు వ్రాసిన సన్యాసి

(శతాబ్ది ఉత్సవ సభలలో బోధన్ సంఘము తరఫున చదివిన ప్రసంగపాఠము)



ఒక్కొక్క సంఘమువారు క్రైస్తవ చరిత్రలోని ఒక్కొక్క భక్తుని గురించి మాట్లాడవలెనని కోరినప్పుడు మేము తోమా అక్వినాస్ పేరు ఇచ్చాము. ఆ పేరు చెప్పగానే మా సంఘములోనే రెండు ఆక్షేపణలు వచ్చాయి. ఆయన రోమన్ కాథలిక్కుల పండితుడు, మనకెందుకు అన్నది మొదటిది. ఎనిమిది వందల యేండ్ల క్రిందటి తత్వవేత్త మాటలు చెరకు, పసుపు, వరి పండించుకొని బ్రతికే మనకు ఏమి పనికివస్తాయి అన్నది రెండవది. రెండూ న్యాయమైన మాటలే గనుక వాటిని దాటవేయదలచుకోలేదు.

మొదటిదానికి జవాబు లెక్కలోనే ఉన్నది. తోమా చనిపోయినది 1274లో. మార్టిన్ లూథర్ విట్టెన్‌బర్గులో తన 95 వాదములను ప్రకటించినది 1517లో. నడుమ 243 సంవత్సరములు. ఇల్లు భాగములు పంచుకొనక ముందు బ్రతికిన తాతగారు అన్నదమ్ములందరికీ తాతగారే గదా. లూథరుకు ఈయన పద్ధతి గిట్టదన్న మాట కూడా నిజమే. తాతగారితో పోట్లాడిన మనుమడు మనుమడు కాకుండా పోడు. ఇక రెండవ ఆక్షేపణకు జవాబు మేము చెప్పడముకన్నా, ప్రసంగము విన్న తరువాత మీరే చెప్పడము మంచిది.

మేము ఈయనను ఎన్నుకొనుటకు అసలు కారణము వేరే ఉన్నది. బోధన్ పేరు చెబితే ఎవరికైనా శక్కర్‌నగర్ జ్ఞాపకము వస్తుంది. 1937లో స్థాపించబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ మా ఊరు పెరిగింది. చెరకు బండ్ల వరుసలు, మడ్డి వాసన, షిఫ్టు మారే వేళకు రోడ్డు నిండా సైకిళ్ళు, ఇవన్నీ మా పెద్దవారి జ్ఞాపకములు. 2015లో ఆ ఫ్యాక్టరీ మూతబడింది. మా ఆరాధనకు వచ్చేవారిలో కొందరు హైదరాబాదుకు, కొందరు గల్ఫు దేశములకు వెళ్ళిపోయారు. వెళ్ళినవారి సంగతి అటుంచండి. ఇక్కడే ఉన్న కుటుంబములలో చదువుకొన్న పిల్లలు కొందరు గుడికి రావడము మానుకొన్నారు. ఎందుకని అడిగితే, “ఇంతమంది మోకాళ్ళూని ప్రార్థించారు గదా, ఎందుకిట్లయింది? దేవుడు మంచివాడైతే ఇది ఎట్లా పొసుగుతుంది? అడిగితే మీరు జవాబు చెప్పరు, ప్రార్థన చేసుకొమ్మంటారు” అన్నారు. ఆ మాట మమ్మును చాలాకాలము బాధపెట్టింది. అప్పుడు మాకు తెలియవచ్చిన సంగతి ఏమంటే, క్రైస్తవ లోకములో మహా బోధకుడని పేరుపొందిన ఒక మనిషి, తన పెద్ద గ్రంథములో దేవుడున్నాడా అనే ప్రశ్న వేసి, దాని క్రింద మొట్టమొదట వ్రాసినది మా పిల్లలు అడిగిన ఈ ఆక్షేపణనే. అందువలననే ఈయనను గురించి తెలుసుకొనవలెనని మాకు ఆశ పుట్టింది.

తోమా 1225 ప్రాంతమున ఇటలీ దేశములో, రోముకు నేపుల్సుకు నడుమనున్న రొక్కసెక్కా కోటలో పుట్టారు. తండ్రి లాండుల్ఫ్, తల్లి థియొడోరా. అక్వినాస్ అంటే అక్వినోవారని అర్థము, మన ఇంటిపేర్ల వంటిదే. మన ప్రాంతములో దొరల గడీలను ఎరిగినవారికి ఆ కోట ఎట్లాంటిదో వేరుగా చెప్పనక్కర లేదు. ఆ ఇంట కడపటి కొడుకు ఈయన. పెద్దకొడుకులు చక్రవర్తి సైన్యములో చేరుతారు, చిన్నవాడు మఠములో చేరుతాడు. ఆ మఠమైనా సామాన్యమైనది కాదు. మోంటె కస్సీనో అనే పురాతన మఠమునకు భూములు, గ్రామములు, అధికారము అన్నీ ఉండేవి. మావాడు ఏనాటికైనా దానికి అధిపతి అవుతాడని తల్లిదండ్రుల లెక్క. అయిదేండ్ల పసివానిని తీసికొనిపోయి అక్కడ అప్పగించారు. పోపుకు, ఫ్రెడరిక్ చక్రవర్తికి జరిగిన తగవులలో మఠము చిక్కుకోగా, 1239లో పిల్లవాడిని నేపుల్సుకు చదువుకు పంపవలసి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయమును 1224లో ఆ ఫ్రెడరిక్కే స్థాపించాడు.

నేపుల్సులో ఈ కుర్రవాడికి రెండు క్రొత్త సంగతులు తటస్థపడ్డాయి. ఒకటి గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ గ్రంథములు. రెండవది వీధులలో తిరిగే క్రొత్త రకపు సన్యాసులు.

ఈ సన్యాసులను గురించి కొంచెము చెప్పాలి. మఠములో కదలకుండా ఉండి, మఠపు భూముల పంట తింటూ ప్రార్థన చేసుకొనే సన్యాసులు అంతకుముందు ఉన్నారు. పదమూడవ శతాబ్ది మొదట్లో ఫ్రాన్సిస్, డొమినిక్ అనే ఇద్దరు భక్తులు వేరే దారి తీశారు. భూమి లేదు, కోట లేదు. పట్టణములలో నివసించి, జోలె పట్టుకొని అడుక్కొని తిని, వాక్యము ప్రకటించాలి. డొమినిక్ స్థాపించిన సభకు 1216లో పోపు ఆమోదము దొరికింది. ఆ సభవారు వాక్యము చెప్పడమునకు చదువు కావాలన్న పట్టుదలగలవారు. జంగమయ్యలు జోలెతో ఇంటింటికీ తిరగడము చూచిన మనకు ఇందులో వింత ఏమీ తోచదు. కాని ఒక దొరగారి కొడుకు జోలె పట్టడమంటే ఆ ఇంటికి ఎంత అవమానమో ఊహించండి.

1244లో తోమా ఆ డొమినికన్ సభలో చేరారు. కస్సీనో మఠాధిపతి కావలసినవాడు బిచ్చగాడయ్యాడని తల్లి మండిపడింది. సభవారు ఆయనను ఉత్తర దిక్కుకు పంపివేస్తూ ఉండగా, సైన్యములో ఉన్న అన్నలు దారిలో అడ్డగించి, పట్టుకొని, ఇంటికి తెచ్చి, సుమారు ఒక సంవత్సరము నిర్బంధములో ఉంచారు. బ్రతిమాలారు, బెదిరించారు. ఆయన సన్యాసి వస్త్రము విడువలేదు. ఆ నిర్బంధములోనే బైబిలును శ్రద్ధగా చదివారని, తనకు బుద్ధి చెప్పవచ్చిన అక్కచెల్లెండ్రకే పాఠము చెప్పారని పాత చరిత్రకారులు వ్రాశారు. చివరకు 1245లో విడిచిపెట్టారు. ఇంటివారి కోపమును సహించి విశ్వాసములో నిలిచినవారు మన సంఘములలో మొదటి తరమునందు ఎందరో ఉన్నారు గనుక, ఈ భాగము చదివినప్పుడు మాకు పరాయి కథ అనిపించలేదు.

ఆ దినములలో మన దేశము ఎట్లా ఉన్నది? తోమా జోలె పట్టిన ఆ 1244 ప్రాంతముననే ఓరుగల్లు కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనము వేయించాడు. తుఫానులో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన సరకును రాజులు లాక్కొనే అలవాటు ఉండేది. ఇకమీదట సుంకము మాత్రమే పుచ్చుకొంటాము, సరకు వర్తకులదే అని ఆ శాసనము మాట ఇచ్చింది. తోమా ఇటలీలో గ్రంథములు వ్రాస్తుండగా ఇక్కడ రుద్రమదేవి సింహాసనమెక్కింది. తిక్కన సోమయాజి భారతము తెనిగించినది కూడా ఆ శతాబ్దిలోనే. తిక్కనగారు పద్యములు చెబుతూ ఉంటే గురునాథుడు వ్రాశాడని మనవారు చెప్పుకొంటారు. తోమా కూడా అంతే. ఆయన చేతివ్రాత ఎవ్వరికీ అర్థము కానంత గజిబిజిగా ఉండేది. రెజినాల్డ్ అనే తోటి సన్యాసి మొదలైనవారు ఆయన చెప్పినది వ్రాసేవారు. ఒకేసారి ముగ్గురు నలుగురికి వేరువేరు సంగతులు చెప్పి వ్రాయించేవారని ప్రసిద్ధి.

నిర్బంధము వదలిన తరువాత పారిసు, అటునుండి 1248లో జర్మనీలోని కొలోను. అక్కడ ఆల్బర్టు అనే మహా పండితుడు గురువుగా దొరికారు. తోమా భారీ మనిషి, మాట తక్కువ. తోటి విద్యార్థులు మూగ యెద్దు అని పేరు పెట్టారు. ఈ యెద్దు రంకె ఒకనాడు లోకమంతా వినబడుతుందని ఆల్బర్టుగారు అన్నారట. చెరకు బండ్ల యెద్దులను ఎరిగినవారము గనుక మాకు ఈ పేరు బాగా నచ్చింది. మంచి యెద్దు రంకె వేయదు, బండి లాగుతుంది.

1252లో పారిసుకు తిరిగి వెళ్ళారు. అక్కడి ఉపాధ్యాయులు బిచ్చగాళ్ళకు విశ్వవిద్యాలయములో ఆసనములేమిటని పెద్ద గొడవ లేవదీశారు. 1255-56 చలికాలమున డొమినికన్ల నివాసమునకు రాజుగారి విలుకాండ్రను కాపలా పెట్టవలసి వచ్చింది. నిబంధన ప్రకారము 35 యేండ్లు నిండనిదే వేదాంతశాస్త్ర ఆచార్యుడు కాకూడదు. తోమాకు అప్పటికి ముప్పది ఒకటో రెండో. అయినా 1256లో ఆచార్యుడయ్యారు. అటుతరువాతి పదిహేడేండ్లు పారిసు, ఓర్వియెతో, రోము, మరల పారిసు, చివరకు నేపుల్సు, ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళి, పాఠములు చెప్పి, వ్రాయించి, ప్రార్థించి గడిపారు. ఆ ప్రయాణముల జాబితా అంతా మీ ముందు పెట్టము.

ఆయన వ్రాసిన విధానము దగ్గర మాత్రము కొంచెము నిలవాలి. స్కొలాస్టికులు అంటే పాఠశాలలవారు అని అర్థము. ఆనాటి పాఠశాలలలో బోధన అంటే గురువు చెప్పడము, శిష్యులు వల్లెవేయడము మాత్రమే కాదు. ఒక ప్రశ్నను పెట్టి, దానికి అటువైపు వాదము, ఇటువైపు వాదము నిండు సభలో వినిపించి, మరునాడు గురువు తన తీర్పు చెప్పాలి. మన దేశపు మీమాంసకులు విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము అని వరుస పెట్టుకొన్నది ఇటువంటిదే. తోమా రోములో మొదలుపెట్టిన ‘సుమ్మా’ అనే మహా గ్రంథము, అనగా వేదాంతశాస్త్ర సారసంగ్రహము, ఆ పాఠశాల పద్ధతిమీదనే నడిచింది. అందులో 512 ప్రశ్నలు, వాటి క్రింద 2,669 అంశములు ఉన్నాయి. ఏ అంశమును తెరిచినా వరుస ఒకటే. ముందు తన నమ్మకమునకు వ్యతిరేకమైన వాదములు, తరువాత దానికి ఎదురుగా ఒక ప్రమాణము, అటుతరువాత తన జవాబు, చివరకు మొదట వ్రాసిన ఒక్కొక్క ఆక్షేపణకు ఒక్కొక్క సమాధానము.

ఇందులో గమనించవలసినది ఏమంటే, ఎదుటివాడి వాదమును ఆయన బలహీనపరచి వ్రాయరు. మనము సామాన్యముగా చేసేది అదే గదా. నాస్తికుడు ఇట్లంటాడు అని ఒక చిల్లర మాట మనమే కల్పించి, దానిని కూలగొట్టి, అందరిచేత ఆమేన్ అనిపించుకొంటాము. తోమా అట్లా చేయలేదు. దేవుడున్నాడా అనే అంశములో ఆయన వ్రాసిన ఆక్షేపణలు రెండే రెండు. మొదటిది, దేవుడంటే అంతులేని మంచి అయితే చెడుగుకు లోకములో చోటే ఉండకూడదు, కాని చెడుగు కళ్ళముందు కనబడుతున్నది. రెండవది, లోకములో జరిగేవన్నీ ప్రకృతి వలన, మనుష్యుల ఇచ్ఛ వలన జరుగుతున్నాయని చెప్పవచ్చును, మధ్య దేవుడెందుకు? ఎనిమిది వందల యేండ్లు కావస్తున్నా, నేటి కాలేజీ పిల్లలు తెచ్చే ప్రశ్నలు ఈ రెండింటి క్రిందికే వస్తాయి. వాటి తరువాతనే ఆయన దేవుడున్నాడనుటకు అయిదు మార్గములు చెప్పారు. ఆ అయిదు మార్గములను అందరూ పొగుడుతారు, బడిలో బట్టీ పెట్టిస్తారు. మాకు మాత్రము ఆ రెండు ఆక్షేపణల నిజాయితీయే ఎక్కువ విలువైనదిగా తోచింది.

చెడుగును గురించిన ఆక్షేపణకు ఆయన చెప్పిన జవాబు చాలా చిన్నది. చెడుగులో నుండి సైతము మంచిని పుట్టించగల శక్తి, మంచితనము గలవాడు గనుకనే దేవుడు దానిని ఉండనిస్తున్నాడని భావము. అగస్టీను భక్తుని మాటను ఆధారము చేసికొని చెప్పినది. నిజము చెప్పాలంటే, జీతము పోయిన ఇంటిలో కూర్చొని ఈ జవాబు చదివితే కడుపు నిండదు. ఆయనకూ అది తెలిసే ఉంటుందని మేము అనుకొంటాము. ఎందుకంటే ఓర్వియెతోలో ఉండగా ఆయన యోబు గ్రంథమునకు ప్రత్యేకముగా వ్యాఖ్యానము వ్రాశారు. యోబు దేవునితోనే వాదిస్తానన్న చోట, ఇది అమర్యాద కాదా అనే సందేహము వస్తుంది గదా. తోమా అక్కడ చెప్పిన భావము ఇది : ఎదుట ఉన్నవారు ఎంత గొప్పవారైనా సత్యము మారదు గనుక, సత్యము పలికేవాడు ఎవరితో వాదించినా ఓడిపోడు. దేవుని ఎదుట నిలిచి వాదించిన మనిషిని గురించి ఒక భక్తుడు ఈ మాట వ్రాయగలిగినప్పుడు, అయ్యగారి ఎదుట, సంఘ పెద్ద ఎదుట ప్రశ్న అడిగిన పిల్లను కూర్చోబెట్టే అధికారము మనకెక్కడిది?

ఇంకొక సంగతి మా బోధన్‌వారికి ప్రత్యేకముగా పట్టినది. మా ఊరిలో గుడి, మసీదు, చర్చి దగ్గరదగ్గరనే ఉన్నాయి. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ అంగట్లో వినబడతాయి. ఇరుగుపొరుగున ఎట్లా ఉండాలన్నది మాకు పుస్తకాల సమస్య కాదు. ఇక తోమా చదివిన అరిస్టాటిల్ ఆయన దగ్గరకు ఎట్లా వచ్చాడు? కొంతవరకు అరబ్బీ పండితుల చేతుల మీదుగా వచ్చాడు. స్పెయినులోని తొలేదో పట్టణములో అరబ్బీ గ్రంథములను లాటినులోకి తర్జుమా చేశారు. వాటి వెంట 1037లో చనిపోయిన ఇబ్న్ సీనా, 1198లో చనిపోయిన ఇబ్న్ రుష్ద్ అనే ముస్లిము పండితుల గ్రంథములు, 1204లో చనిపోయిన యూదు పండితుడు మోషే మైమోనిదెస్ గ్రంథములు యూరపు పాఠశాలలకు వచ్చాయి. తోమా పుస్తకములలో ‘వ్యాఖ్యాత’ అని పేరు లేకుండా కనబడితే అది ఇబ్న్ రుష్ద్ అని అర్థము. వ్యాఖ్యాత అంటే ఆయనే, ఇంకొకరు కాదన్నంత గౌరవము. మైమోనిదెసును రబ్బీ మోషే అని పిలుస్తారు.

పారిసులో 1210లో, 1215లో అరిస్టాటిల్ ప్రకృతిశాస్త్ర గ్రంథములను బోధించరాదని నిషేధించారు. 1255 నాటికి అవే పాఠ్యగ్రంథములయ్యాయి. భయపడి తలుపు మూయడము ఒక దారి. తలుపు బార్లా తెరిచి తన విశ్వాసము పారవేయడము ఇంకొక దారి. తోమా ఈ రెండూ తీసికొనలేదు. ఒప్పుకొనవలసిన చోట ఒప్పుకొన్నారు, కాదనవలసిన చోట గట్టిగా కాదన్నారు. మనుష్యులందరికీ కలిసి బుద్ధి ఒకటే అని ఇబ్న్ రుష్ద్ పేరిట పారిసులో కొందరు బోధిస్తుంటే, 1270లో దానిని ఖండిస్తూ ఒక పుస్తకమే వ్రాశారు. మూలల్లో, కుర్రవాళ్ళ ముందు మాట్లాడవద్దు, ధైర్యముంటే బహిరంగముగా వ్రాయండి, జవాబు చెబుతాను అన్న సవాలుతో దానిని ముగించారు. వాదము అంత గట్టిగా సాగించినా, గౌరవముతో విన్నవాడు గనుకనే ఆయన ఖండనకు విలువ వచ్చింది.

మన జిల్లాలో ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడము క్రొత్త కాదు. డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు, ఆమె భర్త కెర్ దొరగారు కుష్ఠురోగులకు పెట్టిన ఆసుపత్రి 1915లో మొదలైంది. దానికి పెద్ద విరాళమిచ్చినది నర్సాగౌడ్ అనే హిందూ ధనవంతుడు. మన మిషను చరిత్ర చెప్పుకొనేటప్పుడు ఆ పేరును మరువకూడదు.

మా సంఘములోని రెండవ ఆక్షేపణను ఇక్కడ మరల జ్ఞాపకము చేసికొందాము. సుమ్మాలో బేరసారములను గురించి ఒక భాగమే ఉన్నది. అమ్మేవాడు దాచే లోపములు మూడు రకములని అందులో చెప్పారు. వస్తువు వేరే కావడము, అంటే కల్తీ, ద్రాక్షారసములో నీళ్ళు కలిపినట్లు. తూకములో, కొలతలో మోసము. మూడవది గుణములో మోసము, రోగపు పశువును ఆరోగ్యమైనదని అంటగట్టినట్లు. నిజామాబాదు మార్కెట్ యార్డులో పసుపు అమ్ముకొన్నవారికి, అంగడిలో యెద్దులను కొన్నవారికి వీటిలో ఏదైనా క్రొత్త ఉన్నదా? అదే చోట ఒక ఉదాహరణ కూడా ఉన్నది. ఒక ఊరిలో ధాన్యము కరవై ధర పెరిగింది. ఒక వర్తకుడు ధాన్యముతో వచ్చాడు. వెనుక ఇంకా చాలామంది ధాన్యము తెస్తున్నారని అతనికి తెలుసు. ఆ మాట కొనేవారితో చెప్పాలా? న్యాయము ప్రకారము చెప్పి తీరవలెనని లేదు, కాని చెబితే, లేక ధర తగ్గించి అమ్మితే అది ఇంకా శ్రేష్ఠమైన గుణము అని తోమా తీర్పు. ఈ తీర్పు మీద మా చదువుల గుంపులో ఒక సాయంత్రమంతా వాదన జరిగింది. వ్యాపారము చేసేవారు ఒకవైపు, కొనుక్కొనేవారు ఒకవైపు. తేలలేదు.

కూలివారిని గురించి ఆయన మాట ఇంకా సూటిగా ఉన్నది. మోషే ధర్మశాస్త్రము కూలివాని కూలి వెంటనే ఇవ్వమన్నది ఎందుకని ప్రశ్నించుకొని, కూలివారు బీదలు, ఏ పూటకాపూట కష్టము మీద తినేవారు, ఆలస్యమైతే వారికి తిండి ఉండదు గనుక అని చెప్పారు. మరొక చోట, ప్రాణము పోయేంత అవసరములో ఉన్నవాడు పరుల సొమ్ములో నుండి తన ప్రాణమునకు కావలసినది తీసికొంటే దానిని దొంగతనమనకూడదన్నారు. కోటలో పుట్టినవాడు జోలె పట్టి ఇంటింటికీ తిరిగి తిన్నాడు గనుక ఈ సంగతులు తెలిసి ఉంటాయి.

భక్తుని పొగడి ఊరుకోవడము తేలిక. కాని ఆయన పద్ధతి ప్రకారము ఆయన మీద ఆక్షేపణలు కూడా వ్రాయాలి. మొండిగా తప్పు బోధను పట్టుకొన్న వారిని సంఘము రెండుసార్లు హెచ్చరించి, వినకపోతే ప్రభుత్వమునకు అప్పగించవచ్చును, ప్రభుత్వము మరణశిక్ష విధించవచ్చును అని సుమ్మాలో ఉన్నది. దొంగ నాణెములు చేసేవానికి మరణశిక్ష ఉంటే, విశ్వాసమును పాడుచేసేవానికి ఉండకూడదా అని ఆయన తర్కము. ఆ తర్కము వెనుక ఎందరి ప్రాణములు పోయాయో చరిత్రకు తెలుసు. స్త్రీ పుట్టుకను గురించి అరిస్టాటిల్ చెప్పిన తక్కువ మాటను కూడా ఆయన చాలావరకు అంగీకరించారు. మా స్త్రీల మైత్రి వారు ఆ పేజీ వినగానే, ఇంత చదివినవాడు తల్లిని అడిగితే సరిపోయేది అన్నారు. మేము దానికి జవాబు వెదకలేదు. అన్ని ఆక్షేపణలు విన్న మనిషికి కూడా వినబడని గొంతులు కొన్ని ఉన్నాయి.

చివరి దినములు. 1273 డిసెంబరు 6న నేపుల్సులో ఆరాధన జరిపిస్తుండగా ఆయనకు ఏదో గొప్ప అనుభవము కలిగింది. ఆ దినము నుండి కలము ముట్టలేదు, వ్రాయించలేదు. రెజినాల్డ్ బ్రతిమాలితే, తాను చూచినదాని ముందు ఇంతవరకు వ్రాసినదంతా గడ్డిపోచగా తోస్తున్నదని చెప్పారు. సుమ్మా మూడవ భాగములో పశ్చాత్తాపమును గురించిన చోట ఆగిపోయింది. మరుసటి సంవత్సరము పోపు పిలుపు మీద లియోను మహాసభకు బయలుదేరి, దారిలో జబ్బుపడి, ఫొస్సనోవా మఠములో 1274 మార్చి 7న కన్నుమూశారు. యాభై యేండ్లు నిండలేదు.

ఆయన చనిపోయిన మూడేండ్లకు సరిగ్గా అదే తేదీన, 1277 మార్చి 7న, పారిసు బిషప్పు 219 వాదములను దోషములని ఖండించారు. వాటిలో కొన్ని తోమా బోధకు తగిలేవే. ముసలివాడైన ఆల్బర్టు శిష్యుని పక్షమున మాట్లాడడానికి అంత దూరము పారిసుకు నడిచి వచ్చారని చెబుతారు. 1323 జూలై 18న ఇరువది రెండవ యోహాను అనే పోపు తోమాను పరిశుద్ధుల జాబితాలో చేర్చారు. రెండేండ్లకు పారిసు బిషప్పు, తోమాకు తగిలినంతమట్టుకు ఆ ఖండనను ఎత్తివేశారు. బ్రతికున్నప్పుడు జోలె పట్టాడని ఇంటివారు, చచ్చిన తరువాత అన్యుల తత్వము కలిపాడని సంఘమువారు, ఇద్దరూ మొదట కాదన్నవారే.

ఆ 1323 సంవత్సరముననే ఇక్కడ ఢిల్లీ సైన్యము ఓరుగల్లు కోటను పట్టుకొన్నది. ప్రతాపరుద్రుడు బందీగా వెళ్ళాడు. ఆ పోపే 1329లో తోమా సభకు చెందిన జోర్దానుస్ అనే సన్యాసిని మన దక్షిణ దేశములోని కొల్లమునకు బిషప్పుగా నియమించారు. ఈ జోర్దానుస్ 1321లో బొంబాయి దగ్గరి ఠాణాలో చంపబడిన నలుగురు ఫ్రాన్సిస్కన్ సన్యాసులను సమాధి చేసినవాడు. మన దేశపు వింతలను గురించి లాటినులో ఒక చిన్న పుస్తకము వ్రాశాడు. అందులో ‘తెలెంక్’ అనే గొప్ప రాజ్యము పేరు వస్తుంది. అక్కడ సమృద్ధిగా దొరికేవాటిలో బియ్యము, మైనము, తేనెతో పాటు చక్కెర కూడా ఉన్నది. ఆ మాట చదివినప్పుడు మా గుంపులో ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన పెద్దవారు ఒకరు పుస్తకము చేతికి పుచ్చుకొని, ఆ వాక్యము చెప్పించుకొని రెండుసార్లు విన్నారు.

ఇక మా విన్నపము. మా సంఘములో ప్రతి నెల మొదటి ఆదివారము ఆరాధన అయిన తరువాత ఒక గంట ప్రశ్నలకు కేటాయించాము. చీటీ మీద వ్రాసి పెట్టెలో వేయాలి, పేరు వ్రాయనక్కర లేదు. చీటీని ముందు పూర్తిగా చదువుతాము. ఆ ప్రశ్నను ఇంకా గట్టిగా అడగగలవారు ఎవరైనా ఉన్నారా అని అడుగుతాము. ఆ తరువాతనే జవాబు మొదలవుతుంది. జవాబు దొరకని చీటీలను చింపివేయము, పెట్టెలోనే ఉంచి మరుసటి నెల మరల తీస్తాము. ఇప్పటికి అటువంటివి పదకొండు ఉన్నాయి. ఇతర సంఘములవారు వచ్చి కూర్చుంటే సంతోషము. టీ ఏర్పాటు స్త్రీల మైత్రివారిది.